మూల తెల్లబడిన కవరు

అన్నయ్యా,

ఈ ఉదయం నీ డెక్‌లోని అరవై కార్డులూ లెక్కపెడుతుంటే, నీ డ్రాగన్ కార్డుకి తొడిగిన ప్లాస్టిక్ కవరు ఒక మూల తెల్లబడి కనిపించింది. నీ బొటనవేలు రుద్ది రుద్ది అరిగిన మూల.

పోయిన ఏడాది నువ్వు కారులో బయల్దేరి, దారిలో యాక్సిడెంటై చేరలేకపోయిన కార్డులాట ఛాంపియన్‌షిప్ ఈ రోజు ఫ్రిస్కోలో రెండోసారి జరిగింది. నీ డెక్‌తో నేను ఆడాను. ఎదురుగా నీ ఫ్రెండ్ కిరణ్.

"డ్రాగన్ చేతికొస్తే మీ అన్న ముక్కు గోక్కునేటోడు. మాకందరికి తెలిసిపోతుండె," అని నవ్వబోయి ఆగిపోయాడు.

కార్డులు చెక్ చేసిన జడ్జి ఆ మూల చూశాడు. కవరు అరిగితే అది ఏ కార్డో వెనకనుంచే గుర్తుపట్టొచ్చు కాబట్టి అది తొండి కింద లెక్క. కొత్త కవరు చేతికిచ్చి, మార్చకపోతే ఓడినట్టే అన్నాడు.

"మార్చెయ్ చెల్లె, కవరే కదా," అన్నాడు కిరణ్.

కాన్వెంట్‌లో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మార్చలేదు. ఓడిపోయాను.

పోయిన ఏడాది ఆ పొద్దున నీకు వెళ్ళాలని లేదు. నాకు చదువుకోవడానికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని నేనే పంపించాను.