మొదటి శుక్రవారం

ఫాదర్ గారికి, లక్డారం నుంచి అంతోని భార్య వందనాలు.

ఎన్నికల్లో ఎర్రజెండా పట్టాడని, ఆదివారం పూజలో మా ఆయనకు సత్ప్రసాదపు అప్పం ఇవ్వకుండా పక్కకు జరగమన్నారు. అది దేవుణ్ణి నమ్మని పార్టీ అని మీ బాధ. ఫ్యాక్టరీలో పనులు పోయినప్పుడు గేటు దగ్గర మాతో నిలబడింది వాళ్ళేనని ఆయన బాధ. మీ ఇద్దరికీ తీర్పు చెప్పేంత దాన్ని కాను.

చిక్కంతా మా అత్తతో వచ్చింది. ఆమె మంచం పట్టినప్పటి నుంచి నెలనెలా మొదటి శుక్రవారం మీరు ఇంటికే ప్రసాదం తెస్తున్నారు కదా. ఇప్పుడేమో "నా కొడుక్కు ఇయ్యంది నాకెందుకు? నోరు తెరువను పో" అంటోంది.

ఆయన మాత్రం మీ కోసం బల్ల కడిగి తెల్లగుడ్డ పరిచాడు, కొవ్వొత్తి తెచ్చాడు. తప్పక రండి ఫాదర్. వచ్చేటప్పుడు అప్పాలు రెండు తీసుకురండి. ఒక్కటే తెస్తే అది మీ వెంటే తిరిగిపోతుంది.