బారెడు దూరం

హుఫూఫ్, సౌదీ అరేబియా,
9 మార్చి 2006, గురువారం.

తమ్ముడు మౌలాలికి అక్క మహబూబ్బీ సలాం చెప్పి రాయునది. నువ్వు క్షేమంగా ఉండాలని అయిదు పూటల నమాజులోనూ అల్లాను అడుగుతున్నాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. అందుకే ఈ ఉత్తరం రాసి మనిషి చేతికిచ్చి పంపుతున్నాను.

మీ బావకు ఒంట్లో బాగాలేదు. మూడు రోజులుగా ఖర్జూరం తోటకు పోలేదు. శనివారం నుంచి మళ్లీ సైకిలెక్కాలి, ఇంకా ఆగితే వీసా ఇచ్చిన యజమాని, మా కఫీలు ఊరుకోడు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. ఆ దారి నీకు తెలుసు. నీ నీళ్ల ట్యాంకరు వచ్చేదీ ఆ దారినే.

మంగళవారం ఫోన్లో నవ్వుతూ ఏం చెప్పావు? "నిన్న మీ తోటల దారిలోనే ఒక ముసలాయప్ప, మొగానికి గుడ్డ సుట్టుకోని సైకిల్ మింద పోతాండక్కా. ఒక్క హారన్ కొడ్తి, బెదిరి ఇసకలోకి దిగిపాయ" అన్నావు. మెల్లగా పోవచ్చు గదా అంటే, "హారన్ కొట్టినాం గదా, ఇంగ వాడే దిగల్ల. మన ప్రొద్దుటూర్లో అంతే గదా" అన్నావు.

నిజమే, మన ఊళ్లో అంతే. హారన్ వింటే సైకిలు దిగుతుంది, బస్సు పోతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎవరూ ఏమీ అనుకోరు. కానీ అక్కడ తారు పక్కన గట్టి నేల. ఇక్కడ ఇసుక. ముందు చక్రం కూరుకుపోతే మనిషి ఎటు పడతాడో! నీ వెనక చక్రాల కిందికి పడితే?

లైసెన్సు కోసం నువ్వు నేర్చుకున్న చట్టంలో ఏముందో పదో తరగతే చదివిన నాకు తెలియదు. పక్కింటి ఆసిఫా మొగుడు కంపెనీ బస్సు నడుపుతాడు. సైకిల్‌ను దాటాలంటే బారెడు దూరం వదలాలని, చోటు లేకపోతే వెనకనే ఆగాలని, హారన్ కొట్టేస్తే సరిపోదని వాళ్లకు క్లాసు పెట్టి చెప్పారంట. నిన్న వంటింట్లో రెండు చేతులూ చాచి చూసుకున్నాను. ఎంతో లేదు నాయనా. ఆ మాత్రం వదల్లేవా?

కోప్పడి రాయడం లేదు. శనివారం ఆ దారిలో సైకిల్ కనపడితే వెనకనే నెమ్మదిగా రా. ఆలస్యమైందని మీ మేనేజరు తిడితే నా పేరు చెప్పు.

నీ మేలు కోరే
అక్క మహబూబ్బీ

తా.క.: నీకు చెప్పనని మీ బావకు మాటిచ్చాను. తప్పుతున్నాను, అల్లా మన్నించాలి. సోమవారం ఇసుకలోకి దిగిన ఆ ముసలాయన మీ బావే. మోచెయ్యి పగిలి ఆరు కుట్లు పడ్డాయి. పోలీసు వచ్చి ఏ బండి అని అడిగితే, చూడలేదు, నేనే తూలి పడ్డానన్నారు. చూశారు మౌలా. బండి వెనక తెలుగులో "అక్క దీవెన" అని రాయించుకున్నావు గదా. ఆ అక్షరాలు కనుమరుగయ్యేదాకా ఇసుకలో పడి చదువుతూనే ఉన్నారంట.