రిజిస్టర్‌లో ఎస్తేరు

సెప్టెంబర్ 8, సోమవారం, పెద్దవంగర

ఏడో తరగతిలో బడి మానేసినవాడు నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు నింపకూడదని ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే చూపించు! ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అడుగుతున్నాను. ఇరవై ఏళ్లుగా రేకుల షెడ్డు చర్చిలో పాస్టరుగా ప్రతి ఆదివారం నిలబడి జనాన్ని అడగడమే నా పని. కూర్చుని రాస్తున్నా అలవాటు పోదు.

దరఖాస్తు నీలిది. మా సంఘంలో పూల్‌సింగ్, రామి దంపతుల బిడ్డ. వాళ్ల తండాలో ఇంటర్ బైపీసీ పాసైన మొదటి ఆడపిల్ల. జి.ఎన్.ఎం. కోర్సు, మూడేళ్లు, జనగామలో. మార్కులు బ్రహ్మాండం. పూల్‌సింగ్ కాలికి షుగర్ పుండు లేచినప్పుడు నలభై రోజులు దవాఖానలో నర్సమ్మ చేతులనే చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ఇంట్లో కట్టు తనే కడుతుంది. తండ్రి కేకలు పెడతాడు. కట్టు ముడి వేసేదాకా ఆమె ఆపదు.

దారి పక్కన దెబ్బలు తిని పడి ఉన్నవాడికి గాయం కడిగి, నూనె పోసి, కట్టు కట్టిన సమరయుడు ఎవరు? పాస్టరా? పంతులా? నర్సు! నేను షెడ్డులో ఎన్నోసార్లు చెప్పాను.

ఆధార్, కులం సర్టిఫికెట్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో నా సంచిలో ఉన్నాయి. ఇక కావలసింది ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆమె చదివిన బడుల బోనఫైడ్లు. అమ్మానాన్నలు పనికి ఎక్కడికి పోతే అక్కడ చదివింది కాబట్టి మూడు జిల్లాలు తిరగాలి. 21 నుంచి దసరా సెలవులు. దరఖాస్తుకు ఆఖరి తేదీ 27. అంటే 20 లోపు అన్నీ చేతిలో ఉండాలి.

యెరికో గోడ చుట్టూ ఏడు రోజులు తిరిగారు. నాకు బండి ఉంది. నాలుగు చాలు.

సెప్టెంబర్ 9, మంగళవారం, జనగామ

ఇంటర్ కాలేజీ. అరగంటలో అయిపోయింది. క్లర్కమ్మ నన్ను ఎగాదిగా చూసి పిల్లకు ఏమయితవని అడిగింది. ఆత్మీయ తండ్రినన్నాను. ఆత్మ సంగతి తర్వాత జూద్దాం గని ముందుగాల ఈడ సంతకం పెట్టుండ్రి అన్నది. పెట్టాను. అబ్రహాం. నా సంతకం చూస్తే నాకే ముచ్చట.

సెప్టెంబర్ 11, గురువారం, మహబూబాబాద్

ఆశ్రమ పాఠశాల. ఎనిమిది, తొమ్మిది, పది. నీలి కూడా వచ్చింది. వంట చేసే అవ్వ ఆమెను గుర్తుపట్టి గట్టిగా పట్టుకుంది. కుక్క గరిసిన పిల్ల కాలు నల్ల కింద పెట్టి సబ్బుతోని కడిగినవు సూడు, అందరు ఉరికిరి, నువ్వొక్కదానివే నిలవడితివి అన్నది. నీలి సిగ్గుతో చెప్పులు చూసుకుంది. నేను మాత్రం అక్కడున్న పిల్లలందరికీ పది నిమిషాలు వాక్యం చెప్పాను. వార్డెన్ గంట కొట్టేదాకా ఆగలేదు.

ఇంకొక్క బడి.

సెప్టెంబర్ 12, శుక్రవారం, రేగొండ

ఆరు, ఏడు ఇక్కడ. అప్పట్లో రామి, పూల్‌సింగ్ ఈ ఊరి పక్క ఇటుక బట్టీలో ఉండేవారు. హెడ్మాస్టర్ సురేందర్ సార్ ఆ ఏడాది అడ్మిషన్ రిజిస్టర్ తీసి వెతికాడు. బానోత్ నీలి లేదు. మళ్లీ వెతికాడు. లేదు.

నాకు మండింది. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి మిగతావాటిని వదిలి వెతుక్కుంటూ పోతాడు, మీరు ఒక పిల్ల పేరునే మింగేశారు అని స్టాఫ్ రూమంతా దద్దరిల్లేలా వాయించాను. తీర్పు దినం సంగతి కూడా చెప్పాను. అన్నం తింటున్న టీచరమ్మలు టిఫిన్ గిన్నెలు మూసేసి విన్నారు.

 సురేందర్ సార్ నేను ఊపిరి పీల్చుకునేదాకా ఆగి, అయిందా పెద్దమనిషీ, గీమె ఎవరో జర జూడు అని రిజిస్టర్ నా వైపు తిప్పాడు.

ఎస్తేరు. తండ్రి పూల్‌సింగ్. పుట్టిన తేదీ నీలిదే. చేర్పించినవారు: అబ్రహాం.

అదే రోజు, సాయంత్రం నాలుగు, పరకాలలో చాయ్ హోటల్

ఆ సంతకం నాదే.

సెప్టెంబర్ 13, శనివారం

అంతా గుర్తొచ్చింది. ఏడేళ్ల కిందట నెలకోసారి ఆ బట్టీ దగ్గరికి ప్రార్థన చేయించడానికి పోయేవాణ్ణి. అలా పోయిన ఒకరోజు రామి బాప్తిస్మం తీసుకుంది. అదే ఊపులో పిల్లకు ఎస్తేరని పేరు పెట్టాను. మర్నాడు తల్లిదండ్రులు మట్టి తొక్కుతుంటే పిల్లను బడికి తీసుకుపోయింది నేను. పెన్ను పట్టింది నేను. పేరేమిటని సారు అడిగితే నా నోట్లో ఆ ఒక్క పేరే ఉంది. ఆధార్ తర్వాత తెస్తామన్నాను. తేలేదు. రెండేళ్లకు బట్టీ పని ముగిసి వచ్చేటప్పుడు టీసీ కూడా తీసుకోలేదు. మహబూబాబాద్‌లో ఆధార్ చూసి వయసుకు తగ్గ క్లాసులో వేసుకున్నారు. నీలిగా.

ఇందులో తప్పేముంది? అబ్రాము అబ్రాహాము కాలేదా? యాకోబు ఇశ్రాయేలు కాలేదా? సౌలును ఈ రోజు సౌలంటారా ఎవరైనా? పుష్పమ్మతో ఇదే అన్నాను. మా ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. ఆళ్లను ఎవ్వడన్న బోనఫైడ్ అడిగిండా అన్నది. పేరు పెట్టుడు మోజు నీది, తిప్పలు పోరిదా అన్నది.

పేజీలు తిప్పుతూనే ఉన్నాను. గ్రంథం ఒళ్లోనే ఉంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

కూడిక అయ్యాక నీలికి, రామికి చెప్పాను. దాచలేదు. దాచడం నాకు రాదు.

నీలి, ఎస్తేరుకు గూడ ఇంట్ల పేరు హదస్సా గద అయ్యగారూ, రాణి అయినంక గూడ గ్రంథంల ఆ పేరు కొట్టెయ్యలే గద అన్నది. ఇరవై ఏళ్లు ప్రసంగం చేసినవాణ్ణి. ఆ మాట మీద ఒక్కసారి కూడా ఆగలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఆగింది.

రామి మెల్లగా అన్నది. నీలి అంటె మా అత్త పేరన్నా. మిరపతోటల నాకు నొప్పులొస్తె నా బిడ్డను పట్టింది ఆమెనే. తండల సగం మందిని పట్టినయి ఆ చేతులు.

నేను పేరు మార్చిన రోజు రామి ఈ మాట చెప్పలేదే అనుకున్నాను. తర్వాత తట్టింది. నేను అడిగితే కదా చెప్పేది.

సెప్టెంబర్ 15, సోమవారం

సురేందర్ సార్‌కు ఫోన్ చేశాను. ముందు క్షమాపణ అడిగాను. తీర్పు దినానికి ఇంక టైమున్నది గని పని సంగతి జూడు అన్నాడు. మంచివాడు. దారి చెప్పాడు. రిజిస్టర్‌లో ఉన్న పేరు తను దిద్దడు. పిల్లను చేర్పించి సంతకం పెట్టిన మనిషే నోటరీ ముందు ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ ఇచ్చి, స్వయంగా బడికి వస్తే, బోనఫైడ్ మీద రెండు పేర్లూ రాసి ముద్ర వేస్తాడు.

ఇంతేనా? రేపే!

సెప్టెంబర్ 16, మంగళవారం, భూపాలపల్లి

నోటరీ వకీలు నా ఆధార్ అడిగాడు. ఇచ్చాను.

పేరేందన్నాడు. అబ్రహాం అన్నాను. గిండ్ల ఎర్రయ్య అని ఉన్నది, మరి రిజిస్టర్ల సంతకం పెట్టిన అబ్రహాం ఏడున్నడు అన్నాడు. నేనే అన్నాను. నువ్వు ఎర్రయ్యవు గద అన్నాడు. పిల్లకు రెండు పేర్లు, సాక్షికి రెండు పేర్లు, మీ ఊర్లె ఒక్క పేరు మీద బతికెటోడు ఒక్కడన్న ఉంటె తోల్కరా అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నీలి కూడా నవ్వింది.

సులువుగానే తేల్చాడు. ఎర్రయ్య అనే నేను, అబ్రహాం అని కూడా పిలవబడే నేను, అని మొదలుపెట్టి కింద ఎర్రయ్య అని సంతకం చేస్తే చాలు. కాగితం టైపు చేయించి ముందు పెట్టాడు. పెన్ను కూడా తనదే ఇచ్చాడు.

పట్టుకున్నాను. పెట్టలేకపోయాను. లేచి బయటికి వచ్చేశాను. నీలి వెనకాలే వచ్చింది. బండి ఎక్కింది. 

సెప్టెంబర్ 17, బుధవారం

ఎర్రయ్య అని నన్ను ఎవరూ పిలవలేదు. ఎర్రిగా అని పిలిచారు. పన్నెండేళ్లకు బడి మాని ఆసామి ఇంట్లో జీతం ఉన్నాను. ఎర్రిగా గడ్డెయ్. ఎర్రిగా చెప్పులిడిసి దూరం నిలవడు. ఎర్రిగా నీకు సదువెందుకురా. ఇరవై రెండో ఏట బాప్తిస్మానికి వాగులో మునిగి లేచినప్పుడు ఆ పేరును నీళ్లలోనే వదిలేశాను. ఎవరో రేషన్ కార్డు చూసి దాన్ని మళ్లీ ఆధార్‌లో ఎక్కించారు. నేను పట్టించుకోలేదు. వాగులోంచి లేచాక ఒక్క కాగితం మీద కూడా నా చేత్తో ఆ పేరు రాయలేదు.

రాయను.

సెప్టెంబర్ 18, గురువారం

పొద్దున్నే రామి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గడపలో నిలబడే అన్నది.

నా బిడ్డ పేరు మార్చనీకె నీకు ఒక్క గడియ పట్టలే. నీ పేరు జెప్పనీకె మూడు దినాలా అన్నా? ఎల్లుండి దాటితె బడి తాళమేస్తరు.

పుష్పమ్మ వంటింట్లోంచి, గట్లడుగు వదినా అన్నది.

  రామి చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. నా పేరు నన్ను పొడిచింది. అందుకని అందరి పేర్లూ ముళ్లేననుకున్నాను. తీసేయడమే మేలు చేయడమనుకున్నాను. ఆ పిల్ల పేరులో ముల్లు లేదు. మంత్రసాని చేతులు ఉన్నాయి.

పేరు మార్చేవాడు దేవుడు. నేను పెన్ను పట్టినవాణ్ణి మాత్రమే. ఈ తేడా నాకు ఇన్నేళ్లూ తెలియలేదా?

రేపు తెల్లారగానే బయలుదేరాలి.

సెప్టెంబర్ 19, శుక్రవారం, భూపాలపల్లి, రేగొండ

రాశాను.

నోటరీ వకీలు, ఏమన్నా, ఇయ్యాల ఎవరొచ్చిండ్రు, అబ్రహామా, ఎర్రయ్యనా అన్నాడు. ఇద్దరం వచ్చినం సార్, ఒక్క బండి మీదనే అన్నాను. ఈసారి అందరికంటే ముందు నేనే నవ్వాను.

ఎర్రయ్య. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఇన్నేళ్లూ రాయలేదు కదా. ముద్ర పడ్డాక చూస్తే అది ఒక మామూలు మనిషి పేరు. అంతే.

పన్నెండున్నరకు రేగొండ. సురేందర్ సార్ బీరువాకు తాళం వేయబోతూ ఆగాడు. అఫిడవిట్ చదివి, ఎస్తేరు అని, పక్కనే బానోత్ నీలి అని తన చేత్తో రాసి, ముద్ర గట్టిగా నొక్కాడు. నీలి రెండు చేతులతో అందుకుంది. టీచరమ్మలు నాకు పెరుగన్నం పెట్టారు. వాక్యం చెప్పలేదు. తిన్నాను.

సెప్టెంబర్ 20, శనివారం, జనగామ

దరఖాస్తు ఇచ్చేశాం. కౌంటర్ దగ్గర ఉన్నాయన రెండు పేర్లు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే నీలి అఫిడవిట్ ముందుకు తోసింది. ఇద్దరు గాదు సార్, నేనొక్కదాన్నే అన్నది. తీసుకున్నాడు. రసీదు ఇచ్చాడు.

అక్టోబర్ 25, శనివారం

మెరిట్ లిస్టు. బానోత్ నీలి. ఉంది!

నవంబర్ 4, మంగళవారం

నీలి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. మొదటి రోజు సూది చేతికివ్వలేదట. మనిషి పడుకుని ఉండగానే మంచం మీద దుప్పటి మార్చడం నేర్పించారట. గది గూడ నేర్సుకోవాల్నని నాకు ఎర్కనే లేదు అయ్యగారూ అని ఒకటే నవ్వు. తోటి పిల్లను పడుకోబెట్టి నాలుగుసార్లు చేసిందట. పూల్‌సింగ్ కట్టు ఇప్పుడు రామి కడుతున్నది. నీలి ఫోన్‌లో చెప్తూ ఉంటే ఈమె కడుతుంది. కేకలు మామూలే.

నవంబర్ 9, ఆదివారం

బాప్తిస్మాల నల్ల పుస్తకం తీశాను. అందులో నా దస్తూరీ. నేను పేరు మార్చి, నేనే బడిలో చేర్పించిన పిల్లలు నీలి కాక ఇంకా పదకొండు మంది. వరుసగా చదివి పదకొండూ ఒక కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. ఒకప్పుడు ఈ పుస్తకం చూస్తే పంట చూసినట్టుండేది.

ఈ రోజు ప్రసంగం చేయలేదు. నిలబడి, నా పేరు ఎర్రయ్య అని చెప్పాను. జరిగిందంతా చెప్పాను. పదకొండు పేర్లూ చదివి, బడికి పోయి రిజిస్టర్ చూసుకోండి, పిల్లను అడగండి, ఏ పేరు కావాలంటే ఆ పేరే ఉంచండి, తిరగడానికి నేను వస్తాను అన్నాను.  తర్వాత వెనక నుంచి ఒక ముసలమ్మ, మరి నిన్నేమని పిలవాల్నయ్యా అన్నది. నోటికి ఏదొస్తే అది అన్నాను. పదిమంది తల్లులు అక్కడే నన్ను చుట్టుముట్టారు.

పదకొండో ఇంటివాళ్లు రాలేదు. పత్తి ఏరడానికి పోయారట.

నవంబర్ 12, బుధవారం, ఉదయం ఆరు

ఆ పదకొండో పిల్ల అఖిల. జఫర్‌గఢ్. పదో తరగతి. రిజిస్టర్‌లో నేను రాయించిన పేరు గ్రేసు.

పబ్లిక్ పరీక్షకు పిల్లల పేర్ల జాబితా ఈ సాయంత్రం పోతుందని బడి నుంచి చెప్పారు. ఒకసారి పోతే ఆ పేరే మెమో మీద పడుతుంది.

ఏ పేరు మంచిదో నేను చెప్పకూడదు. అడగాలి. ఆమె నోటితోనే చెప్పించాలి.

ప్రార్థన దారిలో చేసుకో. చాయ్ తర్వాత తాగు. పుస్తకం మూసెయ్. లే. ఈ రోజే. ఇప్పుడే.