ఎదురుకాళ్ళ కాన్పు

చిరంజీవి సౌభాగ్యవతి జయలక్ష్మికి ఆండర్సన్‌పేట నుంచి మీ నాయన ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు తప్ప మిగతా ఒళ్ళంతా నా మాట వింటోంది. భద్రావతిలో నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం చేరింది. మందులు వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను. పక్కింటి గోవిందప్పతో మాటలున్నాయా అని అడిగావు. లేవు. ఇక్కడి బంగారు గనులు సర్కారు చేతికొస్తే మనమే రాజులమని ఊరంతా చాటినవాడు, ఇప్పుడు రోజూ నా పేపరు పట్టుకుపోయి చదివి, సర్కారును నా ముందరే తిడుతున్నాడు.

ఇక అసలు సంగతి. బిడ్డ కాళ్ళు కిందికి ఉన్నాయనీ, తొలి కాన్పు కాబట్టి బిడ్డ తిరగకపోతే ఆపరేషన్ చేయాలనీ మీ డాక్టరమ్మ చెప్పిందని రాశావు. మీ అత్తామామలేమో నిన్ను తమ ఊరు బూదికోటకు తెచ్చి, మంత్రసానితో ఇంట్లోనే పురుడు పోయిస్తామంటున్నారనీ, "మీ నాయన ఎదురుకాళ్ళతో పుట్టలేదా?" అని నీ నోరు మూయిస్తున్నారనీ రాశావు. నీకు ఆసుపత్రే కావాలన్న మాట మాత్రం చివర్లో చిన్న అక్షరాలతో రాశావు. అంత చిన్నగా ఎందుకమ్మా?

డాక్టర్ల మీద నాకు పెద్ద గౌరవం లేదని నీకు తెలుసు. అక్కర లేకపోయినా కత్తి పట్టేవాళ్ళుంటారని పుస్తకాల్లో చదివి, కనబడినవాడితోనల్లా వాదించాను. నేను చెప్పిన ఏ మాటా చెవికెక్కని మీ మామ నంజుండప్ప, ఆ ఒక్కటీ దాచుకుని ఇప్పుడు నాకే అప్పజెబుతున్నాడు.

పోయిన వారం నీకు చెప్పకుండా బూదికోటకు వెళ్ళాను. మీ అత్త ఆదిలక్ష్మమ్మ రాగిముద్ద, ఉప్పుసారు పెట్టింది. ఆ ఇంట్లో నేను వంక పెట్టలేనిది వంట ఒక్కటే. మీ మామ మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయిన ఆడది మళ్ళీ బరువెత్తలేదట. ఎదురుకాళ్ళ బిడ్డ ఇంటికి అదృష్టమట.

"నీ కాలు తగిలితే పట్టిన నడుము వదులుతాదని మైనింగోళ్ళు నీ వాకిట్లో కాసుకోనుండేది నేను చూళ్ళేదా బావా?" అన్నాడు.

నువ్వూ చూశావు. గనిలోంచి వచ్చి నడుము పట్టేసినవాళ్ళు మన అరుగు మీద బోర్లా పడుకునేవాళ్ళు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తొక్కితే నొప్పి పోతుందని వాళ్ళ నమ్మకం. నాకు నమ్మకం లేదు, అయినా తొక్కేవాణ్ణి. నువ్వు గడపలో నిలబడి నవ్వేదానివి.

నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటుంది. నువ్వు అవ్వా అని పిలిచిన చిక్కమ్మ నన్ను కన్నతల్లి కాదు. మా అమ్మకు చెల్లెలు. నన్ను కన్న తల్లి పేరు చిన్నక్క. ఆమె, నా కాళ్ళు బయటపడి తల చిక్కుకున్న ఆ పూటే పోయింది. ఆసుపత్రికి మోసుకుపొమ్మని ఆమే ఏడ్చి అడిగిందట. మగ డాక్టరు చూస్తాడని మా తాత ఒప్పుకోలేదు. నా పెళ్ళినాడు చిక్కమ్మ ఇది చెప్పి, పిల్లలు పుడితే తననే అవ్వ అనుకోనిమ్మని చేయి పట్టుకుంది. సరేనన్నాను. నా కాలు మంచిదని ఎవరన్నా, నాకు ఆ ఏడుపే వినబడేది.

బూదికోటలో ఇదంతా చెప్పాను. మీ మామ ఆకువక్క నమలడం ఆపాడు. కంచం తీయబోయిన ఆదిలక్ష్మమ్మ అక్కడే కూర్చుండిపోయింది.

"ఆయమ్మే అడిగిందా అన్నా, ఆసుపత్రికి పోతానని?"

"అడిగిందమ్మా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇంగ ఈ మాట ఎత్తొద్దు. కోడలు యాడ కంటానంటే నేను ఆడికే పోతాను. సుమ్మనే నా మీద అరవొద్దు," అంది.

ఆయన అరవలేదు. భద్రావతికి రైలు ఎప్పుడుందని నన్నే అడిగాడు.

ఆదివారం మీ అత్త బయలుదేరి వస్తోంది. బిడ్డను తిప్పే వీలుందా, ఆపరేషన్ ఎందుకు తప్పదు అని డాక్టరమ్మను నీ నోటితో అడుగు. అనుమానముంటే ఇంకో డాక్టరుకు చూపించుకో. ఆ తర్వాత నీ మాటే మాట. గట్టిగా చెప్పు. మీ అత్త నీ పక్కనే ఉంటుంది.

నేను రాను. వస్తే డాక్టరమ్మతో పోట్లాడతాను. కాన్పయ్యాక ఉత్తరం మాత్రం అల్లుడి చేత రాయించకు. కాస్త ఓపిక చిక్కాక, రెండు ముక్కలైనా సరే, వంకరటింకరగానైనా సరే, నీ చేత్తో రాయి. పోస్టుమాన్ వచ్చే వేళకు వీధి మొగలో నిలబడి ఉంటాను.

ఇట్లు,
నీ నాయన
ముత్యాలప్ప