రేవు దగ్గర ఏడు రాళ్ళు

మార్చి 6, ఆదివారం, 1932

ఇది ఎవరి కంటనైనా పడితే ముందుగానే క్షమించండి. నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుంది. అక్షరాల్లో తప్పులుంటాయి. నాలుగో తరగతితో బడి మానేశాను. విత్తనాల కొట్టువాళ్ళిచ్చిన పాత కాలెండరు వెనక రాస్తున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. పెన్సిలు పట్టుకుంటే కొంచెం నయం.

బిడ్డ పోయి ఏడు వారాలు. ఆడపిల్ల. ఊపిరే తీసుకోలేదు. అప్పుడు మంచు గడ్డకట్టి, కొండమీది చర్చి శ్మశానానికి బండి ఎక్కలేదు. కింద ఏరు దాటే రేవు పక్కన, మా మొక్కజొన్న చేను మూల, పేర్లు లేని రాళ్ళు ఏడున్నాయి. ఎప్పుడో గొంతువాపుతో పోయిన పసివాళ్ళట. అక్కడే పెట్టాం.

ఆ మూల లురేనా నాయనమ్మది. నా భర్త క్లెల్‌కి సొంత నాయనమ్మ. ఏటా చలి తగ్గగానే గడ్డిపరక మిగలకుండా పారతో చెక్కి ఊడుస్తుంది. మా వైపు సమాధి మీద గడ్డి మొలిస్తే ఇంటివాళ్ళకి తలవంపులు. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. పార ఎవరికీ ఇవ్వదు.

మార్చి 19

కౌంటీ చరిత్ర కమిటీ నుంచి మిసెస్ ప్రూయిట్ కారులో వచ్చింది. రేవు దగ్గర ఇనప పలక నిలబెడతారట. మే ముప్పైన, అందరూ సమాధులకి పూలు పెట్టే రోజున, దాని మీద గుడ్డ తీస్తారట. పలక మీద ఉండబోయేది చదివి వినిపించింది. ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం జరుగుతుండగా, 1864లో, దక్షిణం తరఫున కెప్టెన్ ఏసా స్టాలార్డ్ ఈ రేవు కాచి దొంగల ముఠాని తుదముట్టించాడని.

ఏసా స్టాలార్డ్ మా నాయనమ్మ మొగుడు. పోయి ముప్పై ఏళ్ళు. ఆయన కత్తి ఇంకా మా పొయ్యి పైన గోడకే ఉంది.

గుడ్డ తాడు మీరే లాగాలి, కెప్టెన్ గారి భార్య ఇంకా బతికుండడం మా అదృష్టం అంది మిసెస్ ప్రూయిట్. నేను బతికున్నందుకు నన్ను మెచ్చుకో తల్లీ, ఆయన్ని కాదు అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. తర్వాత, పలక చూడ్డానికి అంతమంది కార్లేసుకుని వస్తే ఎక్కడ ఆపుతారమ్మా అని నాయనమ్మే అడిగింది. ఆ రోజుకి బాట పక్కన ఆపుతారు, జూన్‌లో చేను మూల చదును చేసి కంకర పోయిస్తాం, పసివాళ్ళ రాళ్ళు ఒక పక్కకి పేర్పిస్తాం అంది మిసెస్ ప్రూయిట్.

నాయనమ్మ కాఫీ సగంలో వదిలేసి రేవు వైపు నడిచింది.

మార్చి 20

నాయనమ్మ తిండి ముట్టలేదు.

ఏప్రిల్ 2

ఈ రోజు నాయనమ్మ పార నా చేతికిచ్చింది. నేను చెక్కుతుంటే తను దుంగ మీద కూర్చుంది. చేతులు ఆపకు పిల్లా, చెవులు మాత్రం ఇటు పెట్టు అంది. ఇక్కడ పసివాళ్ళెవరూ లేరు అంది.

ఏడుగురు మగవాళ్ళు. కొండలు దాటి ఉత్తరం సైన్యంలో చేరదామని బయల్దేరారట. రేవు దగ్గర కెప్టెనూ అతని మనుషులూ చుట్టుముట్టారు. ఏడుగురూ తమ దగ్గరున్న తుపాకులు కింద పడేశారు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి కాల్చారు. వాళ్ళలో ఏమస్ అనేవాడు నాయనమ్మకి తమ్ముడు. పదమూడేళ్ళు. ఈవిడకి పదిహేను. వాడు రొట్టె మరిచిపోయాడని వెనకాలే పట్టుకెళ్ళింది. పొదల్లోంచి అంతా చూసింది. వాళ్ళమ్మా తనూ కలిసి గోతులు తవ్వారట. నేల గట్టిది, లోతు పోలేదట.

చేను కెప్టెన్‌ది. మూడేళ్ళ తర్వాత ఆయనే ఈవిడని చేసుకుంటానని అడిగించాడు. నీ పంట పండిందే అన్నారట అందరూ.

ఎలా చేసుకున్నావు నాయనమ్మా అన్నాను. ఆయన చేలో ఒక మూల దున్నకుండా ఆపగలిగేది ఆయన పెళ్ళామే కదే పిచ్చిదానా అంది. ఆ మూల నాకు వదిలెయ్యి, పసివాళ్ళున్నారని ఊరికి చెబుతాను, నువ్వూ అదే చెప్పు అందట పెళ్ళికి ముందు. ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుతూ సరేనన్నాడట. ముప్పై అయిదేళ్ళ కాపురంలో మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అయిదుగురు కొడుకుల్ని కంది. ఒక్కడికీ ఏమస్ అని పెట్టలేదు. వాడి పేరు ఆ మనిషి నోట్లో పడకూడదని.

మరి నా బిడ్డని ఇక్కడెందుకు పెట్టనిచ్చావని అడగాలనుకున్నాను. అడగలేకపోయాను. తనే చెప్పింది. ఏమస్ పక్కనే పెట్టించాను, వాడికి పసిపిల్లలంటే ప్రాణం అంది.

ఏప్రిల్ 3

ఏడు పేర్లూ చెప్పింది. రెండేసిసార్లు చెప్పింది. కాగితం మీద రాశాను. గుడ్డ తీసిన రోజున నువ్వు లేచి చదవాలి అంది. నేనా అన్నాను. నోటితో నేను చెబితే ముసలిదానికి మతి పోయిందంటారు, కాగితం చూసి చదివితే నమ్ముతారు, పేర్లు తెలిశాక ఎవడూ మీద కంకర పోయడు అంది.

ఒట్టు వేశాను.

ఏప్రిల్ 10

క్లెల్‌కి చెప్పాను. చాలాసేపు బూటు తాడు కట్టుకుంటూనే ఉన్నాడు. తర్వాత, నోట్లో నాలుక లేనిదానివి, నీకిప్పుడు ఉపన్యాసాలా అన్నాడు. ముసలావిడ కల కని ఉంటుందన్నాడు. రోడ్డు పనిలో నన్ను పెట్టుకున్నది ఆ మిసెస్ ప్రూయిట్ మొగుడే, ఈ కౌంటీలో ఇంకే పని ఉందో నువ్వే చూపించు అన్నాడు. ఈ పేరు తప్ప మా తాత నాకు ఇచ్చిందేముంది, అదీ తీసెయ్యమంటావా అన్నాడు.

కోపంగా అని ఉంటే బాగుండేది. బతిమాలినట్టు అన్నాడు.

ఏప్రిల్ 24

కంకర పనివాళ్ళు వచ్చే లోపల బిడ్డని కొండ మీదికి మార్చాలన్నాడు క్లెల్. మిగతావి రాళ్ళేగా అన్నాడు. తవ్వుతుంటే నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. పెట్టె చెక్కు చెదరలేదు. దాన్ని ఎత్తేటప్పుడు పక్క మట్టి జారింది. దవడ ఎముక ఒకటి బయటపడింది. పళ్ళన్నీ ఉన్నాయి. పాల పళ్ళు కావు.

క్లెల్ చూశాడు. నేను చూడడం కూడా చూశాడు. చేత్తో, పారతో కాదు, చేత్తో మట్టి కప్పాడు. కొండ మీదికి తనే మోశాడు. పెట్టెని పసిదాన్ని ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నాడు.

ఇప్పుడు తనకీ తెలుసు. ఇంక అడ్డు చెప్పడనుకున్నాను.

మే 29

కాగితం చదివి చదివి మడతల దగ్గర చిరిగింది. కోళ్ళ ముందు గట్టిగా చదివాను. బాగానే వచ్చింది.

మే 30

ఇరవై పైన కార్లు. బ్యాండు. మైనంలో ముంచిన కాగితం పూలు అందరి చేతుల్లో. నాయనమ్మ తాడు లాగింది. చప్పట్లు ఆగాక, నా మనవడి పెళ్ళాం ఒక కాగితం చదువుతుంది అంది. అంత గొంతు ఆవిడకి ఎక్కడినుంచి వచ్చిందో.

అందరూ తిరిగారు. లేచాను. కాగితం విప్పాను. క్లెల్ కంకర పనివాళ్ళ మధ్య టోపీ తీసి చేతిలో తిప్పుతూ నా వంకే చూస్తున్నాడు.

మొదటి పేరు మీద వేలు పెట్టాను. ఊపిరి వచ్చింది, మాట రాలేదు. ఎవరో దగ్గారు. మిసెస్ ప్రూయిట్ వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. పాపం ఈ చలికాలమే బిడ్డని పోగొట్టుకుందని అందరికీ చెప్పింది. నీ పద్యం ఇంకోసారి విందాంలే అమ్మా అని కాగితం తీసుకుని తన చేతిసంచిలో పెట్టేసింది. బ్యాండు మొదలైంది.

నాయనమ్మ తిట్టలేదు. నా గౌను వెనక అంటిన గడ్డి దులిపి, పద ఇంటికి, కాళ్ళు లాగుతున్నాయి అంది.

జూన్ 6

కంకర పోశారు. క్లెల్ కూడా పోశాడు. రాళ్ళు ఒక పక్కకి పేర్చలేదు. రోడ్డు గుంటలో వేశారు.

జూన్ 17

నాయనమ్మ పోయింది. బీన్స్ ఒలుస్తూ కుర్చీలోనే. రేవు దగ్గర పెట్టమని నాతో అంది. నేను క్లెల్‌తో అన్నాను. అక్కడ ఎక్కడ పెడతావే అన్నాడు. నిజమే. కొండ మీద కెప్టెన్ పక్కన పెట్టారు. రాతి మీద ఆవిడ పేరు ఆయన ఎప్పుడో చెక్కించి ఉంచాడు.

జూన్ 19

మిసెస్ ప్రూయిట్ ఇంటికి నడిచి వెళ్ళాను. నాలుగు మైళ్ళు. కాగితం అడిగాను. ఏ కాగితం అమ్మా అంది.

జూలై 3

ఏమస్ డాటెన్, పదమూడేళ్ళు. ఇలై మాసీ. ఆయన కొడుకు హైరమ్. నోవా బ్రాన్స్‌కమ్. థియోఫిలస్ కెగ్లీ. సిలాస్, నల్లవాడు, ఇంటిపేరు ఎవరూ అడగలేదట.

ఏడో ఆయన పేరు గుర్తు రావడం లేదు. నాయనమ్మ పోయినప్పటినుంచి, పదహారు రోజులుగా వెతుక్కుంటున్నాను.

ఇది దొరికినవాళ్ళు ఈ ఆరూ మీ చేత్తో వేరే రాసుకోండి. రేవు దగ్గరికి వెళ్ళి పైకి చదవండి. మిగతాదాన్లో క్లెల్ ఉన్నాడు, అదంతా కాల్చేయండి.