ఊహించిన అంకె

యొక్కాయిచి నుంచి

చిరంజీవి నాగిసాకు నాన్న దీవెనలు. మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. వానలు పట్టుకున్నాయి, బట్టలు ఆరక మీ అమ్మ ఇల్లంతా తాళ్ళు కట్టేసింది. క్యోటోలో నువ్వు వేళకు తింటున్నావా?

నాతో షిఫ్టులో పనిచేసే హిదాకా ఎలా ఉన్నాడని అడిగావు. కాలిన చేతులు రెండూ ఇంకా కట్టులోనే ఉన్నాయి. నిన్న ఆస్పత్రికి వెళితే, "అన్నా, కట్టు విప్పేదాకా నన్నెవరూ వేలు చూపించి 'సరే' అనమనరు" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

నూనెల్ని మరిగించి వేరుచేసే మా కాలమ్‌లో సరుకు ఎంత శుద్ధిగా ఉందో అంచనా కట్టడానికి నువ్వు ప్రోగ్రామ్ రాసిచ్చావు కదా. ప్రతి షిఫ్టులో సీసాడు నమూనా తీసి, ల్యాబులో చూసి, ఆ అంచనాను సరిదిద్దుకోమని కూడా చెప్పావు. మా ఫ్యాక్టరీ పెద్ద కశివాగి ఆ నమూనాలు ఆపించేశాడు. "ఇకముందు ఫ్యాక్టరీ తనంతట తనే నడుస్తుందయ్యా, ఇంకా సీసాలు పట్టుకు తిరుగుతారా?" అని వెటకారం! ఊహించిన అంకె తెర మీద పచ్చగా వెలుగుతూనే ఉంది. మేం ఒక్కొక్కరం లేచి, ఆనవాయితీ ప్రకారం దానికి వేలు చూపించి "సరే!" అని గొంతు చించుకున్నాం. కొలిచి చూసినవాడు ఒక్కడూ లేడు. ఛీ! తలుచుకుంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంది. సరిదిద్దక ఆ అంకె తప్పుతూ పోయింది. దాన్ని నమ్మి నడిచిన కాలమ్ లోపల అతిగా వేడెక్కి, కింది పంపు దగ్గర మరిగే నూనె హిదాకా మీద చిమ్మింది.

అందరూ నీ ప్రోగ్రామే తప్పంటున్నారని, ఈ చదువు మానేయనా అని రాశావు. పిచ్చిదానా! నువ్వు మానేస్తే ఈ విద్య అంతా కశివాగి లాంటివాళ్ళ పాలవుతుంది. నేను చేరిన కొత్తలో గోడ మీది మీటర్లలో ముళ్ళు చూసి, పరుగెత్తుకెళ్ళి వాల్వులు తిప్పేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ రావాలని నాకేం లేదు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ నసుగుతున్నాను. ఈ ఉత్తరం రాయమన్నది కశివాగే. "విలేకరుల ముందు మీ అమ్మాయి మా పక్కన నిలబడి, క్షమాపణగా ఒక్కసారి వంగి, పొరపాటు నాదే అంటే చాలు. తండ్రి మాట కాదంటుందా? మీ రిటైర్మెంటూ సాఫీగా గడిచిపోతుంది" అన్నాడు, తన చేత్తో నాకు టీ పోస్తూ. ఆ టీ తాగాను నాగిసా. ఇంకా గొంతులోనే ఉంది, రోత. రాస్తానని తలూపి వచ్చాను.

రాశాను. నువ్వు అక్కడికి రావద్దు. ఎవరి ముందూ వంగవద్దు. గురువారం ఆ విలేకరుల ముందుకు నేనే వెళ్ళి, నమూనాలు ఎవరు ఆపమన్నారో చెబుతాను. తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోనీ. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ రోజు పొద్దున్నే ఇంటికి వచ్చెయ్. టీవీ ముందు ఆమె ఒక్కత్తే ఉండకూడదు.

ఇట్లు,
నీ మేలు కోరే నాన్న,
తోకుజీ