కుడిచేతికి ఎడమచేతి అచ్చు

ఓడెక్కి ఊళ్ళు తిరిగే శ్రీవారికి, ఒకే గదిలో కూర్చుని ఎముకలు అచ్చువేసే మీ ఇల్లాలు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ఇప్పుడు నిజమే. పోయిన ఉత్తరంలో రాసినప్పుడు మాత్రం కాదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. పాపకి కొత్త పళ్ళొచ్చాయి, దొరికినవాళ్ళని దొరికినట్టు కొరుకుతోంది. వంటింటి కుళాయి బాగుచేయించాను. మావయ్య సెలూన్ ఎందుకు మూసి ఉందని మీ స్నేహితుడు అడిగాడన్నారు. బల్బు మార్చబోయి మావయ్య స్టూలు మీంచి పడ్డారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. "వాడికి రాయకు. సముద్రం మధ్యలో ఉన్నవాడు ఏం చేస్తాడు, ఈదుకుంటూ వస్తాడా?" అని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడు ఆయనే రాయమన్నారు. కంగారుపడకండి, ఆపరేషన్ అయిపోయింది.

నా పని మీకు తెలిసిందే. స్కాన్‌ని బట్టి విరిగిన ఎముకని ప్లాస్టిక్‌తో ఉన్నదున్నట్టు అచ్చువేసి ఇస్తాను. సర్జన్‌గారు ముందు దానిమీదే ముక్కలు కలిపి చూసుకుని, లోపల బిగించే ప్లేటుని దానికి తగ్గట్టు వంచుకుని, ఆ తర్వాతే మనిషి మీద కత్తి పెడతారు. విరగకముందు ఎముక ఎలా ఉండేదో తెలియాలిగా, అందుకు రెండో చేతిని అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చువేస్తాం. ఎడమచెయ్యే కుడిచేతికి నమూనా అన్నమాట.

"ఇంటి మనిషి కదా, ఇంకెవరికైనా ఇవ్వనా?" అని అడిగారు సర్జన్‌గారు. నేనే చేస్తానని పట్టుబట్టాను. మీ నాన్నగారి ఎముకని వేరేవాళ్ళ చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. అచ్చు ముచ్చటగా వచ్చింది. ప్లేటు కూడా వంచేశారు. మావయ్యకి చూపిద్దామని వార్డుకి తీసుకెళ్ళాను.

"అరచెయ్యి పట్టండి మావయ్యా" అన్నాను. ఎడమచెయ్యి చాపారు గానీ, అరచెయ్యి పూర్తిగా పైకి తిరగలేదు. సగంలో ఆగిపోయింది. అచ్చు ఒళ్ళో పడింది.

"ఈ చెయ్యి ఎప్పుడైనా విరిగిందా?"

"చిన్నప్పుడు గోడ దూకి పడ్డానులే. మా అమ్మ తంతుందని చెప్పలేదు. దానంతటదే అతుక్కుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా అమ్మాయ్!"

వంకరగా అతుక్కున్న ఎముకని నేను నమూనాగా ఇచ్చాను. ఆ ప్లేటు అలాగే బిగిస్తే కుడిచెయ్యి కూడా సగంలోనే ఆగిపోయేది. క్షవరం కత్తి పట్టే చెయ్యి తిరగకపోతే ఆయనకి ఇంకేం మిగులుతుంది? సెలూన్ లేకపోతే మావయ్య ఎలా ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో చెయ్యి ఎప్పుడైనా విరిగిందా అన్నది మేం ప్రతి పేషెంటునీ అడిగే మొదటి ప్రశ్న. దారినపోయే దానయ్యనైనా అడుగుతాను. మావయ్యని అడగలేదు. ఆయన టీలో ఎంత చక్కెర వేసుకుంటారో తెలిసినదాన్ని, నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను.

పరుగెత్తుకెళ్ళి సర్జన్‌గారికి చెప్పేశాను. చీవాట్లు పెట్టారు, పెట్టాల్సిందే. ఆపరేషన్ వాయిదా వేసి, ఈసారి ఎడమచేతిని నమ్ముకోకుండా, విరిగిన ముక్కల అంచులే ఒకదానికొకటి కలుపుకుంటూ కొత్త అచ్చు చేశాం. కొత్త ప్లేటు దానిమీద వంచారు.

నిన్న కట్టు విప్పారు. మావయ్య కుడి అరచెయ్యి మెల్లమెల్లగా తిరిగి, ఎడమచెయ్యి ఆగిపోయిన చోటు దాటి పైకి వచ్చింది. ఇంకా కాస్త రావాలి, వ్యాయామంతో వస్తుందన్నారు. "సగం గడ్డం గీసేంత వచ్చింది. మిగతా సగానికి, ఓడ దిగాక మావాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి సాధన చేస్తాను" అన్నారు మావయ్య. నేను ఏడ్చేశాను. "దాచింది నేనైతే ఏడుపు నీకెందుకే పిచ్చితల్లీ" అని ఆ చేత్తోనే నా తల నిమిరారు.

ఆ సాయంత్రమే మీ ఉత్తరాలన్నీ తీసి చదివాను. ప్రతిదాంట్లోనూ "నేను కులాసా" అని ఉంది. ఇన్నాళ్ళూ ఆ ముక్క చదివి, సరేలే అని మడిచి పెట్టేస్తూ వచ్చాను. మీ గురించి అంతా తెలుసనుకుని అడగడం మానేశాను. అందుకే ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగినట్టే ఇవాళ మిమ్మల్ని అడుగుతున్నాను. దాచకుండా రాయండి. మీకెక్కడైనా నొప్పిగా ఉందా?

ఇట్లు,
మీ ఇల్లాలు